బెజవాడ గాలి: దుమ్ము ఎక్కడిది, పొగ ఎవరిది, మనం ఏం చేయగలం? (తరచుగా అడిగే ప్రశ్నలు)

భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా దీపావళి మర్నాటి నుంచీ ఇదే తంతు. యాప్‌లో ఎర్రగా ఉంది, పిల్లల్ని స్కూలుకి పంపాలా? బాల్కనీలో ఈ బూడిద ఎక్కడిది? మాస్కు ఏది కొనాలి? నాలుగేళ్లుగా అసోసియేషన్ పనులు చూస్తున్న పాపానికి జవాబులన్నీ నా నెత్తిన పడ్డాయి. టైప్ చేసిందే మళ్లీ చేయలేక ఒకచోట రాసిపెట్టాను. గుంటూరు బంధువులు అడిగినవి కూడా ఇందులోనే కలిపాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, దేనికది విడిగానే అర్థమవుతుంది.

## అంకెల గొడవ

పీఎం 10, పీఎం 2.5 అంటున్నారు. అసలివి ఏంటి?

గాలిలో తేలే నలుసుల సైజులు. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న నలుసులన్నీ పీఎం 10 లెక్కలోకి వస్తాయి. రోడ్డు దుమ్ము, సిమెంటు, మట్టి ఇందులో ఎక్కువ. వీటిలో పెద్దవి ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. 2.5 మైక్రాన్ల లోపువి ఎక్కువగా మంట నుంచి, ఇంజన్ నుంచి వచ్చేవి. అవి ఊపిరితిత్తుల అడుగు దాకా దిగుతాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ వెళతాయి. ఘనపు మీటరు గాలిలో పీఎం 10 ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 40 దాటకూడదని 2009లో మన దేశం ప్రమాణం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దులు 15, 5. మన ప్రమాణం దాటలేదంటే గాలి స్వచ్ఛంగా ఉన్నట్టు కాదు, చట్టం లెక్కకు సరిపోయిందని మాత్రమే.

ఒక యాప్‌లో 58, ఇంకో యాప్‌లో 99 చూపిస్తోంది. ఏది అబద్ధం?

రెండూ నిజమే కావచ్చు. గాలి ఒకటే, కొలబద్దలు వేరు. పీఎం 2.5 గాలిలో 35 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన దేశపు ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) పట్టిక ప్రకారం అది 58, అంటే "ఫర్వాలేదు". 2024లో సవరించిన అమెరికా పట్టికలో పెడితే 99. కొన్ని యాప్‌లు అమెరికా లెక్కే చూపిస్తాయి. పైగా మనవాళ్లు 24 గంటల సగటు తీసుకుంటే, కొన్ని యాప్‌లు గంట గంటకూ మార్చేస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల "సమీర్" యాప్ ఒక్కటి పెట్టుకుని, దాన్నే రోజూ చూస్తే అయోమయం ఉండదు. అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చాలనుకుంటే ఏక్యూఐ వదిలేసి మైక్రోగ్రాముల అంకె చూడండి. అది ఏ దేశంలోనైనా అదే.

ఏక్యూఐ ఎంత దాటితే కంగారు పడాలి?

మన పట్టికలో 50 దాకా బాగుంది, 100 దాకా ఫర్వాలేదు, 200 దాకా ఒక మోస్తరు, 300 దాకా బాగాలేదు, 400 దాకా చాలా బాగాలేదు, ఆపైన తీవ్రం. "ఒక మోస్తరు" అన్న మాట చూసి మోసపోకండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, పిల్లలకు, పెద్దవాళ్లకు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. మా అమ్మగారికి ఆస్తమా. ఆవిడ ఇన్‌హేలర్ ఎప్పుడు అడుగుతుందో చూస్తే నాకు యాప్ తెరవకుండానే అంకె తెలిసిపోతుంది.

మా వీధిలో పొగ కమ్మేసింది, యాప్ మాత్రం ఆకుపచ్చగా ఉందేం?

కొలిచే స్టేషను మీ వీధిలో లేదు కాబట్టి. విజయవాడలో ఎప్పటికప్పుడు కొలిచే స్టేషన్లు కానూరు, హెచ్‌బీ కాలనీ లాంటి కొన్ని చోట్లే ఉన్నాయి. వన్‌టౌన్ సందులో పొద్దున్నే చెత్త తగలబెడితే కానూరు మిషనుకి ఏం తెలుస్తుంది? ఒకవేళ తెలిసినా, అరగంట పొగ 24 గంటల సగటులో కలిసి మాయమైపోతుంది. యాప్ చెప్పేది నగరం సంగతి. మీ వీధి సంగతి మీ ముక్కు చెబుతుంది, ఈ విషయంలో ముక్కునే నమ్మండి.

## దొంగను పట్టుకోవడం

విజయవాడలో కాలుష్యానికి అసలు కారణం ఏంటి? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పేవాళ్లని నమ్మొద్దు. ఒకరు ఆటోలంటారు, ఇంకొకరు థర్మల్ అంటారు. మన ఊరు ఉన్న తీరు చూడండి. చెన్నై–కోల్‌కతా హైవే, హైదరాబాద్–మచిలీపట్నం హైవే రెండూ ఇక్కడే కలుస్తాయి. దేశంలో సగం లారీలు బెంజి సర్కిల్ చూశాయంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఒక పక్క ఆటోనగర్లో గ్రైండింగు, పెయింటింగు, పాత టైర్లు. ఇంకో పక్క ఇబ్రహీంపట్నం బొగ్గు, కొండపల్లి పారిశ్రామికవాడ. అమరావతి పనులకు తిరిగే టిప్పర్లు, ప్రతి సందులో ఒక కొత్త అపార్ట్‌మెంటు, రాత్రి పూట తగలబెట్టే చెత్త. పీఎం 10 వరకైతే రోడ్డు దుమ్ముదే పెద్ద వాటా అని దేశంలో చాలా నగరాల అధ్యయనాలు తేల్చాయి, మన రోడ్ల అంచులు చూస్తే మన ఊరికీ అది వర్తిస్తుందనే అనిపిస్తుంది. పీఎం 2.5కి వస్తే డీజిలు, మంటలు ముందుకొస్తాయి. అందుకే ముందు "దుమ్మా, పొగా?" అని అడగండి. ఎవరిదన్నది తర్వాత తేలుతుంది.

మా బాల్కనీలో రోజూ పడే దుమ్ము ఎక్కడిదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. నేను చేసేది ఇది. తెల్లటి స్టీలు ప్లేటుకి పల్చగా వాజిలైన్ రాసి, పిట్టగోడ మీద వాన తగలని చోట ఒక రాత్రీ పగలూ ఉంచుతాను. మర్నాడు వేలితో రుద్దుతాను. గరగరమంటూ ఎర్రగా, గోధుమ రంగులో ఉంటే మట్టి, గ్రావెలు, రోడ్డు దుమ్ము. మసిలా సాగుతూ, సబ్బు పెట్టినా వేలి గీతల్లోంచి పోకపోతే డీజిలు మసి, లేదా టైరు, ప్లాస్టిక్ మంట. పౌడరులా మెత్తగా, జారుతూ, బూడిద రంగులో ఉంటే బొగ్గు బూడిద కావచ్చు, సిమెంటు కూడా కావచ్చు. ఈ రెండిటి తేడా తెలియాలంటే కొంచెం దుమ్ము గీకి, నీళ్ల చుక్క వేసి వదిలేయండి. ఆరాక గట్టిపడితే సిమెంటు వైపు అనుమానించాలి. ఇంకో చిట్కా: ప్లాస్టిక్ కవరులో అయస్కాంతం పెట్టి దుమ్ము మీద తిప్పండి. నల్లటి రజను బాగా అంటుకుంటే దగ్గర్లో వెల్డింగు, గ్రైండింగు ఉండొచ్చు, లేదా రైలు పట్టాలుండొచ్చు. పటమటలో ఉండే మా బావమరిది ఇంట్లో ఈ రజను మీసంలా లేచి నిలబడింది, వాళ్ల వెనక వీధిలో గ్రిల్స్ షాపు ఉంది మరి.

ఒక్క సంగతి మరిచిపోకూడదు. ప్లేటు మీద పడేది బరువైన దుమ్మే. అసలు ప్రమాదకరమైన సన్న నలుసులు ఇంత తేలికగా కింద పడవు, గాలిలోనే తిరుగుతుంటాయి. ప్లేటు శుభ్రంగా ఉంది కాబట్టి గాలి శుభ్రం అనుకోవద్దు.

బూడిద అంతా ఇబ్రహీంపట్నం నుంచే వస్తుందా?

కొంత వస్తుంది, "అంతా" కాదు. అక్కడి నార్ల తాతారావు థర్మల్ స్టేషన్లో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500ది ఒకటి, కొత్తగా 800ది ఒకటి ఉన్నాయి. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. అంటే టన్ను బొగ్గు మండితే మూడు వందల కిలోల పైనే బూడిద మిగులుతుంది. అందులో అత్యధిక భాగాన్ని పొగగొట్టం దాకా వెళ్లకుండా విద్యుత్ పరికరాలు పట్టేస్తాయి. పట్టిన బూడిద ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. బూడిద చెరువు ఎండితే గాలికి లేస్తుంది. సిమెంటుకీ, ఇటుకలకీ, రోడ్ల మెరకకీ లారీల్లో పోయేటప్పుడు పట్టా సరిగ్గా కట్టకపోతే దారంతా రాలుతుంది. హైవే పక్కన ఉండే మాకు కనిపించేది ఈ రాలినదే.

గాలి దిక్కు కూడా చూడాలి. ఇబ్రహీంపట్నం ఊరికి వాయవ్యాన ఉంది. వేసవిలో పడమటి వడగాలి వీచే రోజుల్లో ఇటు రావడానికి వీలు ఎక్కువ. చలికాలంలో ఈశాన్య గాలి వీస్తుంటే అది మన వైపు రాదు. డిసెంబరులో బాల్కనీ నల్లబడితే థర్మల్‌ని తిట్టే ముందు పక్క వీధి చూడండి. ఇక పొగగొట్టం నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు దారిలో అమ్మోనియాతో కలిసి సన్న నలుసులుగా మారుతుంది. అది బాల్కనీలో కనపడదు. చాలా దూరం పోతుంది కూడా.

ఏ టైములో ఎక్కువగా ఉందో చూసి ఎవరిదో చెప్పొచ్చా?

చెప్పొచ్చు, ఇది నాకిష్టమైన పద్ధతి. ఒక నోటుబుక్కులో వారం రోజులు టైమూ, వాసనా, గాలి దిక్కూ రాసుకోండి. పొద్దున 8–10, సాయంత్రం 6–9 మధ్య పెరిగితే బళ్లు. రాత్రి పది దాటాక కళ్లు మండితే లారీలు. తెల్లవారుజామున ఐదింటికి ఆకుల పొగ వాసన వస్తే ఎవరో ఊడ్చి అంటించారు. మధ్యాహ్నం గాలి వీచినప్పుడే దుమ్ము లేస్తే ఖాళీ స్థలం, సైటు, మట్టి రోడ్డు అంచు. కరెంటు పోయినప్పుడే వస్తే జనరేటరు. ఆదివారం మాయమైపోతే పని ఆపే ఏదో షాపు, సైటు. వేసవి మధ్యాహ్నం ఆకాశం తేటగా ఉండి కూడా గొంతు గీరుకుంటే ఓజోన్ కావచ్చు. బళ్ల పొగ ఎండలో ఉడికి తయారయ్యేది అదే.

చలికాలంలోనే ఎందుకింత ఎక్కువ?

వేసవిలో నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగను తనతో తీసుకుపోతుంది. చలికాలం రాత్రి నేల తొందరగా చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి మూతలా ఏర్పడుతుంది. కుక్కర్ మూత బిగించినట్టే, లోపలి ఆవిరి బయటికి పోదు. దానికి తోడు గాలి వీయదు, మనకేమో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు అడ్డం. అదే టైములో వరికోతల మంటలు. ఎండ ఎక్కే కొద్దీ మూత వీడుతుంది. పొద్దున పదికల్లా తేడా మీకే తెలుస్తుంది.

గడ్డి కాల్చడం ఢిల్లీ సమస్య కదా, మనకేంటి?

ఆ స్థాయిలో కాదు గానీ మనకూ ఉంది. చేత్తో కోసినప్పుడు గడ్డి కుప్ప వేసి పశువులకు వాడేవాళ్లు. కోత మిషన్ వచ్చాక గడ్డి ముక్కలై చేలోనే పరుచుకుంటోంది, ఎత్తడానికి కూలీ దొరకదు, రెండో పంటకు తొందర. అగ్గిపుల్ల చవక. గుంటూరు వైపు పత్తి కట్టె, మిర్చి కట్టె కూడా ఇలాగే పోతాయి. రైతును తిట్టి లాభం లేదు. గడ్డిని మోపులు కట్టే బేలర్ అద్దెకు దొరికి, మోపు కొనేవాడు ఉంటే ఎవరూ తగలబెట్టరు. పాలకేంద్రాల వాళ్లు గడ్డి కొనుక్కునే ఊళ్లలో మంటలు నేను చూసిందే తక్కువ.

గుంటూరు మిర్చి యార్డు ఘాటు కూడా కాలుష్యమేనా?

పీల్చేవాడికి కాలుష్యమే, ఏక్యూఐకి మాత్రం అదీ మామూలు దుమ్మే. మిర్చి దుమ్ములోని కారం ముక్కు, గొంతు నరాల్ని రెచ్చగొడుతుంది. అంకె తక్కువున్నా తుమ్ములు ఆగవు. సీజను జనవరి నుంచి ఏప్రిల్ దాకా. బస్తా విదిల్చినప్పుడు, తొడిమలు తీసేటప్పుడు, ఆ చెత్త ఊడ్చేటప్పుడు ఎక్కువ లేస్తుంది. ముందు బాధపడేది యార్డులో పనిచేసే హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు. చీర కొంగు, తువ్వాలు ఈ దుమ్మును ఆపలేవు.

సైంటిస్టులు ఎవరి వాటా ఎంతో ఎలా తేలుస్తారు?

రెండు దారులు. ఒకటి, ఊళ్లో ఎన్ని బళ్లు, ఎంత డీజిలు, ఎంత బొగ్గు, ఎంత చెత్త అని లెక్కగట్టి వచ్చే పొగను అంచనా వేయడం. రెండోది, ఫిల్టరు మీద పట్టిన దుమ్మును ల్యాబులో విడగొట్టడం. అల్యూమినియం, సిలికాన్ ఉంటే మట్టి. పొటాషియంతో పాటు లెవోగ్లూకోసాన్ అనే చక్కెరలాంటి పదార్థం ఉంటే కట్టె, గడ్డి మంట. నల్ల కార్బన్ ఎక్కువుంటే డీజిలు. ఒక రకంగా వేలిముద్రలు తీయడమే. రెండు దారుల్లో వచ్చిన వాటాలు కచ్చితంగా కలవవు, అందుకే పేపర్లో "వాహనాలదే ఇంత శాతం" అని చదివితే ఏ పద్ధతి, ఏ సీజను, పీఎం 10దా 2.5దా అని చూడాలి.

నేనే ఒక మీటరు కొనుక్కోవచ్చా?

కొనుక్కోండి, కానీ నాలా పరువు పోగొట్టుకోకండి. నాలుగున్నర వేలు పెట్టి ఒకటి తెప్పించి బాల్కనీలో పెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పీఎం 2.5 నాలుగు వందలు దాటింది. గ్రూపులో "పిల్లల్ని బయటికి పంపొద్దు" అని పెట్టేశాను. పావుగంట ఫోన్లే ఫోన్లు. తీరా చూస్తే కింది ఫ్లాటులో చేపల వేపుడు, వాళ్ల చిమ్నీ గొట్టం సరిగ్గా నా మీటరు కింద. ఇప్పటికీ కింది అన్నయ్యగారు చేపలు తెచ్చినప్పుడల్లా "సెక్రటరీ గారూ, అలర్ట్ పెట్టమంటారా" అంటారు.

ఈ చవక మీటర్లు నలుసు మీద పడి చెదిరే వెలుగును కొలుస్తాయి. పొద్దున్నే మంచు పడితే నీటి బిందువుల్ని కూడా దుమ్ముగా లెక్కేస్తాయి. అంకెను నమ్మకండి, హెచ్చుతగ్గుల్ని నమ్మండి. నిన్న ఇదే టైముకి ఎంత, ఇవాళ ఎంత అన్నదానికి బాగా పనికొస్తుంది.

## ఇంట్లో

మాస్కు ఏది కొనాలి?

ఎన్95. గుడ్డ మాస్కు, కర్చీఫు పెద్ద దుమ్మునే ఆపుతాయి, పొగను ఆపలేవు. ముక్కు దగ్గర తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదిలితే పక్కల నుంచి గాలి రాకూడదు. గడ్డం ఉంటే సీలు సరిగ్గా పడదు. ఇంట్లో కూర్చుని పెట్టుకోనక్కర్లేదు, టిప్పరు వెనక బండి మీద పోయేటప్పుడు మాత్రం తప్పకుండా.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా? మనీప్లాంట్ చాలదా?

మనీప్లాంట్ అందంగా ఉంటుంది, అంతవరకే. గది గాలి నిజంగా శుభ్రపడాలంటే ఇంటిని అడవి చేయాలి. ప్యూరిఫయర్ పనిచేస్తుంది, అయితే సన్న నలుసుల్ని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉండాలి, గది సైజుకి తగ్గది కావాలి, తలుపులు మూసుండాలి. మనకు ఏడాదిలో ఎక్కువ నెలలు కిటికీ తీయకపోతే ఉక్కపోత. అందుకే అందరికీ కొనమని చెప్పను. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే, వాళ్లు పడుకునే ఒక్క గదికి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఫిల్టరు మార్చే ఖర్చు కూడా ముందే అడగండి, షాపువాళ్లు తమంతట తాము చెప్పరు.

దోమల చక్రం వెలిగిస్తాం. దాని వల్ల కూడానా?

అయ్యో, బెజవాడలో దోమల చక్రం వద్దంటే ఎవరూ ఊరుకోరు! కానీ ఒక చక్రం పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్న నలుసులు వస్తాయని 2003లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు మూసి, పిల్లల మంచం కింద పెట్టి పడుకుంటాం మనం. దోమతెర, కిటికీలకు మెష్ చేయించడం ఒకసారి ఖర్చు. అగరుబత్తి, సాంబ్రాణి వేసినప్పుడు కిటికీ తీయండి. తాలింపు, వేపుడు చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్టవ్ ఆపాక కూడా పది నిమిషాలు తిరగనివ్వండి.

పొద్దున్నే బ్యారేజీ మీద వాకింగ్ మానేయాలా?

మానొద్దు, టైము మార్చండి. చలికాలం ఐదింటి వాకింగ్ ఆరోగ్యం కోసమే అయితే తప్పు టైము, పొగమూత అప్పుడే కిందికి ఉంటుంది. ఎండ వచ్చి ఒక గంట గడిచాక వెళ్లండి, లేదా ట్రాఫిక్ లేని పార్కుకి. మిగతా నెలల్లో తెల్లవారుజామే మేలు.

## వీధిలో, కాలనీలో

కాలువ పూడిక తీసి రోడ్డు పక్కనే పోస్తున్నారు. ఇది కూడా గాలి సమస్యేనా?

మన ఊళ్లో ఎవరూ పట్టించుకోని పెద్ద దుమ్ము మూలం ఇదే అని నా అభిప్రాయం. సైడు కాలువలోంచి తీసిన బురద "ఆరాక తీసుకెళతాం" అని గట్టున పోస్తారు. మూడో రోజుకి ఎండుతుంది. నాలుగో రోజుకి ఆటో చక్రాల కింద పిండవుతుంది. ఐదో రోజు దాన్ని మనం పీలుస్తాం, మురుగులోని క్రిములతో సహా. మిగిలింది వానకి మళ్లీ కాలువలోకే. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత సింగ్ నగర్ వైపు చూసినవాళ్లకు బురద ఆరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా వీధిలో చేసింది ఇదే: పూడిక తీసే రోజు ముందుగా కనుక్కుని, అదే రోజు ట్రాక్టరు రాకపోతే శానిటరీ ఇన్‌స్పెక్టరుకి ఫొటో పంపుతాం. మొదట విసుక్కున్నారు. ఇప్పుడు మా వీధి వంతు వచ్చినప్పుడు ట్రాక్టరు ముందే నిలబడి ఉంటుంది.

పక్క సైటులో కన్‌స్ట్రక్షన్. దుమ్ము భరించలేకపోతున్నాం. అడిగే హక్కు ఉందా?

ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో దీనికి ప్రత్యేకంగా నిబంధనలు ఇచ్చింది. ఇసుక, మట్టి కప్పకుండా వదలకూడదు. నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి. గాలికి అడ్డంగా తగినంత ఎత్తులో తడిక, షీటు కట్టాలి. టైల్స్, రాయి ఆరుబయట కోయకూడదు. మెటీరియల్ తెచ్చే బండికి పట్టా ఉండాలి. ఈ జాగ్రత్తల్ని జనానికి కనపడేలా బోర్డు మీద రాసిపెట్టాలి. ముందు బిల్డరుతో మర్యాదగానే మాట్లాడండి. "టైల్స్ కోసేటప్పుడు నీటి గొట్టం పెట్టించండి" లాంటి ఒక్క స్పష్టమైన కోరిక అడిగితే వింటారు. "దుమ్ము ఆపండి" అంటే వినరు.

చెత్త తగలబెడుతున్నారు. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

ముందుగా వార్డు సచివాలయం, శానిటరీ ఇన్‌స్పెక్టరు. పురమిత్ర యాప్‌లో ఫొటోతో పెట్టొచ్చు. షాపు, ఫ్యాక్టరీ పొగ అయితే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం. తేలకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇవ్వండి. చెత్త బహిరంగంగా తగలబెట్టినవాళ్ల మీద జరిమానా వేసే అధికారం కార్పొరేషన్‌కి ఉంది.

ఎలా అన్నది ముఖ్యం. "మా ఏరియాలో పొగ ఎక్కువగా ఉంది" అని రాస్తే చెత్తబుట్టకే. తేదీ, టైము, స్తంభం నంబరు లేదా ఎదురు షాపు గుర్తు, ఏం కాలుతోంది, ఎన్ని రోజులుగా, రెండు ఫొటోలు. మాకు పనిచేసిన అర్జీ నాలుగే వాక్యాలు. ఒక మాట, పారిశుద్ధ్య కార్మికుల మొహం ఫొటోలో పడనివ్వకండి. బండి రాక, ఎత్తే దారిలేక అంటించే వాళ్లే ఎక్కువ. ఉద్యోగం పోయేది వాళ్లది, బండి పంపనిది ఇంకొకరు.

భోగి మంటలు కూడా వద్దంటారా?

పిడకలు, పాత కట్టె వేసుకుని వీధికి ఒక మంట వేసుకోండి, ఎవరు కాదన్నారు! టైరు, ప్లాస్టిక్ కుర్చీ, ఫోము పరుపు, రంగు వేసిన చెక్క మాత్రం వేయొద్దు. టైరు పొగలో క్యాన్సర్ కారకాలుంటాయి. పాత సామాను పోవాలనే కదా, పాత ఇనుప సామాన్ల బండివాడికి ఇస్తే డబ్బులు కూడా వస్తాయి.

## నగరం లెక్కలో

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. అంటే నా బండి పొగ లేనట్టేనా?

ఆ రోజు ఆ పరీక్ష పాసయినట్టు. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిలుకి పొగ నలుపు చూస్తారు. సన్న నలుసుల బరువు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ పరీక్షలో తేలవు. బండిని చూడకుండానే కాగితం ఇచ్చే చోట్లున్నాయని మనందరికీ తెలుసు. ఎయిర్ ఫిల్టరు మార్చడం, టైర్లలో గాలి సరిచూడడం, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపడం సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పని చేస్తాయి. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బీఎస్6 (భారత్ స్టేజ్ 6 అనే పొగ ప్రమాణం) బళ్లు పాతవాటికన్నా చాలా నయం. అయితే బ్రేకులు, టైర్లు అరిగి వచ్చే దుమ్ము ఎలక్ట్రిక్ బండికీ తప్పదు.

నీళ్లు చల్లే లారీలు, ఊడ్చే మిషన్ల వల్ల ఉపయోగం ఉందా?

ఊడ్చే మిషన్ వల్ల ఉంది, దుమ్మును లోపలికి పీల్చి తీసుకుపోతే. నీళ్లు చల్లితే ఎండలో గంటో రెండు గంటలో ఆగుతుంది, ఆరగానే మళ్లీ లేస్తుంది. నన్నడిగితే రోడ్డు అంచు నుంచి ప్రహరీ దాకా ఉండే మట్టిని టైల్స్‌తోనో గడ్డితోనో కప్పడం ఒకసారి చేస్తే ఏళ్లు పనిచేస్తుంది. మా సందులో ముప్పై అడుగుల మేర చేయించాం. ఆ ముప్పై అడుగుల ఎదురుగా ఉన్న ఇళ్లవాళ్లు తుడుపు గుడ్డ తక్కువ పిండుతున్నారు.

కేంద్రం ఇచ్చే క్లీన్ ఎయిర్ డబ్బులు మన ఊరికి వస్తాయా?

వస్తాయి. 2019 జనవరిలో మొదలైన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లో మన రాష్ట్రం నుంచి 13 నగరాలున్నాయి, విజయవాడ, గుంటూరు రెండూ మొదటి జాబితాలోవే. మొదట 2024 నాటికి 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నారు, తర్వాత 2025–26 నాటికి పీఎం 10 విషయంలో 40 శాతం అని మార్చారు. జనాభా పది లక్షలు దాటిన నగరంగా విజయవాడకు 15వ ఆర్థిక సంఘం నిధులు కూడా కేటాయించారు. లక్ష్యం పీఎం 10 కాబట్టి ఖర్చు కూడా రోడ్డు దుమ్ము మీదకే ఎక్కువగా పోవడం సహజం. కంటికి కనపడని 2.5 వెనకబడిపోతుందని నా ఫిర్యాదు. మీ వార్డులో ఏ పని ఎంతకు చేశారో సమాచార హక్కు కింద అడగొచ్చు, అర్జీ ఫీజు పది రూపాయలు.

పశ్చిమ బైపాస్ వల్ల మనకు తగ్గుతుందా?

బెంజి సర్కిల్ వైపు వాళ్లకు తగ్గాలి. చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి చినకాకాని దగ్గర తేలే దారి అది. ఊరితో పనిలేని లారీలు అటు మళ్లితే రాత్రి పూట పొగ తగ్గడం ఖాయం. అయితే లారీ మాయమవదు, దారి మారుతుంది. గొల్లపూడి వైపు మూడేళ్ల కింద "ప్రశాంతంగా ఉంటుంది" అని ఫ్లాటు కొన్న మా తమ్ముడు ఇప్పుడు వాజిలైన్ ప్లేటు ఎలా పెట్టాలో అడుగుతున్నాడు.